పదకొండు రాళ్ల గడియారం

బజారులో అందరికీ ఆవిడ రాళ్ల అత్తయ్యే. ఆ పేరు విని కొత్తవాళ్లు ఎవరిమీదైనా రాళ్లు రువ్వుతుందేమోనని జంకేవారు గానీ, ఆవిడ చేసేదల్లా పాత అమెరికా జేబు గడియారాల్లో ఇరుసులు అరగకుండా పొదిగిన కెంపురాళ్లు లెక్కపెట్టడమే. ఒకే కంపెనీవి, కవల పిల్లల్లాంటి రెండు గడియారాలు ముందు పెడితే ఏది ఎక్కువ రాళ్ల మేలురకమో, ఏది తక్కువ రాళ్ల మామూలు రకమో తేల్చి చీటీ రాసిచ్చేది. ముప్ఫై ఏళ్లలో ఆ చీటీని కాదన్న మొనగాడు లేడు. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆవిడే చెప్పేది.

ఓ శనివారం ఉదయం టైలరు పెద్దాయన తన గడియారం శుభ్రం చేయమని ఇచ్చి వెళ్లాడు. మర్నాడు పాత గడియారాల పిచ్చి ఉన్నవాళ్లంతా ఒకచోట కలుస్తున్నారు. అక్కడ దాన్ని విప్పించి, "పదిహేను రాళ్లది" అని మీసం మెలేయాలని ఆయన ముచ్చట. పదిహేనని పన్నెండేళ్ల కిందట చీటీ రాసిచ్చింది అత్తయ్యే. అప్పట్నుంచి ఆయన దాన్ని పూర్తిగా విప్పించిందీ లేదు.

కొట్టులో అత్తయ్య దగ్గరే పని నేర్చుకుంటున్న ఆవిడ కోడలు డయల్ తీసి, చెయ్యి ఆపేసింది.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి. కింద రాళ్లు లేవు."

"సరిగ్గా చూడమ్మాయ్. వెనక నాలుగూ మెరుస్తున్నాయిగా?"

"వెనకవి ఉన్నాయి. డయల్ వైపు ఉత్త ఇత్తడి చిల్లులే."

అత్తయ్య భూతద్దం కంటికి పెట్టి చూసింది. నిజమే. పదకొండు రాళ్ల రకానికీ పదిహేను రాళ్ల రకానికీ వెనకనుంచి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. ఊగే చక్రం దగ్గర ఏడు, వెనక నాలుగు రెండిట్లోనూ ఉంటాయి; మిగతా నాలుగూ, ఉంటే గింటే, డయల్ కిందే ఉంటాయి. పన్నెండేళ్ల కిందట చీటీ రాసిన ఆవేళ కొట్టు నిండా జనం. వెనక మూత తీసి నాలుగు చూసి, వాటికి జోడు నాలుగూ ముందువైపు ఉండకపోతాయా అని అందరిముందూ గొప్పగా చెప్పేసింది. డయల్ విప్పనిదే మాటివ్వకూడదని కోడలికి రోజూ పాఠం చెప్పే మనిషి!

"మూసేసి ఊరుకుందామా?" కోడలు మెల్లగా అడిగింది.

"రేపు అక్కడ ఎవరో ఒకరు డయల్ విప్పుతారే. నామాట నమ్మినందుకు నలుగురిలో ఆయన తల దించుకోవాలా?"

సాయంత్రం పెద్దాయన రాగానే అత్తయ్య నాన్చలేదు.

"అన్నయ్యగారూ, తప్పు నాది. ఇది పదకొండు రాళ్లదే."

ఆయన బల్లమీద చతికిలబడ్డాడు. "పన్నెండేళ్లుగా మా వియ్యంకుడి ముందు ఎన్ని కోతలు కోశానమ్మా!"

"కోతలు మీవే గానీ, కొలత నాది."

ఆయన నవ్వలేదు. "కొత్త చీటీ రాసివ్వండి. సంతకం మాత్రం... మీ కోడలిచేత పెట్టించండి."

అత్తయ్యకు చురుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలు కంగారుగా వెనక్కి జరిగింది.

"పెట్టవే. విప్పి చూసింది నువ్వేగా," అంది అత్తయ్య.

కోడలు సంతకం పెట్టింది. పెద్దాయన చీటీని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"మా వియ్యంకుడూ తనది పదిహేనేనని ఒకటే మిడిసిపాటు. ఆయన దగ్గరున్నదీ మీ చీటీయే కదూ?"

అత్తయ్య బిత్తరపోయింది. ఆనక తానూ నవ్వేసింది.

"రేపే ఆ గడియారాన్నీ పంపించండి," అంది. "నా దగ్గరికి కాదు, మా కోడలి దగ్గరికి."