వందనాలు చెప్తే తగ్గిన చింతపండు

ఏడాదికి సరిపడా చింతపండు కొనడానికి ఈ రోజు ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లాను. మా ఊళ్లో కంటే అక్కడ చవక. కానీ నాకు బేరమాడటం చేతకాదు. "చెప్పిన ధరకే కొనేటట్టయితే బస్సు చార్జీ దండగ" అని మా ఆయన నవ్వి మరీ పంపారు.

మర్రిపాడు నుంచి సరుకు తెచ్చిన పెద్దాయన ఐదు కిలోలు తీసుకుంటే కిలో నూట ముప్పై అన్నాడు. తగ్గించమని అడగడానికి నోరు రాక అలాగే నిలబడ్డాను. అంతలో మా పాస్టరమ్మ గారు ఎదురొచ్చారు. చేతులు జోడించి "వందనాలమ్మా" అన్నాను.

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "వందకా! ఏందమ్మా, ఒక్కసారే ముప్పై కొట్టేస్తే నేనేం తినాల? నూటపదికి తీసుకపో."

మాట్లాడకుండా తీసుకోవచ్చు, కానీ మనసొప్పలేదు. "నేను బేరం చెయ్యలేదు పెద్దయ్యా, ఈమెకు వందనాలు చెప్పినాను" అన్నాను.

ఆయన మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి పడీపడీ నవ్వాడు. "సరేలే, నోరు జారినా గదా, నూటపదికే తీసుకపో. ఇంకెవురికీ ఇక్కడ వందనాలు చెప్పబాక తల్లీ!"

పాస్టరమ్మ గారు వెంటనే తన సంచి కూడా ఆయన ముందు పెట్టారు. "ఆమె చెప్తే నేనూ తిరిగి వందనాలు చెప్పినా గదయ్యా. నాకూ అదే ధరకియ్యి!"

దేవునికి స్తోత్రం, ఇద్దరికీ ఇచ్చాడు. ఇన్నేళ్లుగా రోజూ చెప్పే మాటలో ఇంత బేరం ఉందని నాకు తెలియదు. వచ్చే వారం కందిపప్పు కొనాలి. ఆ వేళకు అంగడి దగ్గర నాకు ఎదురుపడేవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?