చేటకు మెత్తిన కథ

మా అత్తకు చదువు రాదు. బొబ్బిలి సంతలో కొత్త చేట కొన్నప్పుడల్లా పాత వారపత్రికలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును చేటకు మెత్తేది. అలా మెత్తితే వెదురు సందుల్లోంచి నూకలు జారవు.

ఒకరోజు నేను పుట్టింటి నుంచి వచ్చేసరికి నా కథ అచ్చయిన పత్రిక బేసిన్లో నానుతోంది. నా దగ్గరున్నది ఆ ఒక్క ప్రతే. నాకు ఒళ్లు మండిపోయింది.

"అందులో నా కత ఉన్నాది, అత్తా. సూసుకోవద్దా?" అని అరిచాను.

ఆవిడ తడిచేతులు చీరకు తుడుచుకుంది.

"నాకేటి తెలుస్తాదే? నువ్వు కత రాసినావని ఎప్పుడైనా సెప్పినావేటి? సదివి ఇనిపించుంటే దాసుకుందును కదా."

పత్రిక వచ్చిన రోజు వీధిలో చదువొచ్చిన వాళ్లందరికీ చూపించాను. ఆవిడ ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు ఆవిడ లేదు. ప్లాస్టిక్ చేట ఉన్నా బియ్యం ఆ రోజు గుజ్జు మెత్తిన పాతదాంతోనే చెరుగుతాను. ముసురు పట్టిన రోజుల్లో దాని నుంచి ఇంకా మెంతి వాసన వస్తుంది.

ఆ కథ రాసింది ఆవిడ మీదే. ఆ మాట ఆ రోజైనా చెప్పలేదు.