‘మంచిగనే’లో వదిలేసిన ‘నే’

నిన్న మందుల దుకాణంలో ఎవరో ప్లాస్టర్ చుట్ట నుంచి ముక్క లాగితే చర్రుమంది. నాకు సుగుణ సిస్టర్ గుర్తొచ్చారు. నార్కట్‌పల్లి దగ్గరి ఒక దవాఖానలో, పేగు కేన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు పొట్టకు మలం సంచి అతికించుకోవడం నేర్పే నర్సు ఆమె. నేను ఆమె కింద కాగితాలు నింపేవాణ్ని. ఆపరేషన్ తర్వాత మనిషి తన ఒంటి గురించి తాను ఏమనుకుంటున్నాడో ప్రశ్నలడిగి కొలవాలి. ప్రతి జవాబుకూ సున్నా నుంచి మూడు దాకా మార్కులు. బాధ ఎక్కువైతే మార్కులూ ఎక్కువే. బడిలో ఈ పద్ధతే ఉండుంటే జిల్లా ఫస్టు నాదే.

“మీ దేహాకృతి పట్ల అసంతృప్తి చెందుతున్నారా?” అని పానగల్ నేతన్న సత్తయ్యను అడిగాను. ఆయన కాసేపు నన్ను జాలిగా చూసి, “మంచిగనే ఉన్న సార్” అన్నాడు. సున్నా వేశాను. ఆ నెలంతా సున్నాలే. పేగు కేన్సర్ ఇంత హాయిగా ఉంటుందని కనిపెట్టింది ప్రపంచంలో నేనొక్కణ్నే. ఆ సున్నాలు పైకి పోతే, ఈ రోగులతో విడిగా కూర్చుని మాట్లాడటానికి సిస్టర్ అడుగుతున్న గది ఇక రాదని నాకు తట్టలేదు. గర్వంగా తీసుకెళ్లి ఆమెకు చూపించాను.

“సత్తయ్య మంచిగున్న అన్నడా, మంచిగనే ఉన్న అన్నడా?”

“రెండూ ఒకటే కద, సిస్టర్.”

“ఇంటికి పోయి మీ అమ్మతోని కూర మంచిగనే ఉన్నదను, గంటె ఎగిరొస్తది. గా ‘నే’ యాడ రాసినవ్ బిడ్డా?”

“కాగితంల దానికి గడి లేదు.”

“గడి లేదు సరే. నీకు చెవుల్లేవా?”

సత్తయ్య మళ్లీ వచ్చినప్పుడు సిస్టర్ పరదా లాగి, సంచి మారుస్తూ, “మగ్గం మీద కూసుంటున్నవా అన్నా?” అని మాత్రం అడిగారు. జవాబు లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనొక జోకు అందుకోబోయాను. సిస్టర్ చూపుతోనే దాన్ని మింగించారు. చాలాసేపటికి సత్తయ్య నోరు విప్పాడు.

“నాలుగు నెలలాయె అమ్మా, మగ్గమెక్కక. వాసనొస్తదేమోనని, మనుమరాలు ఒళ్లెకు ఉరికొస్తె గూడ దూరం జరుగుతున్న. గీ కడుపు నాది కానట్టే ఉన్నది.”

సిస్టర్ ఆయన పొట్ట దగ్గరికి ముక్కు వంచారు. “మా అత్త దాచిన మాంసం తునకలు గూడ పసిగట్టిన ముక్కిది. ఏం వాసన లేదు. ఎత్తుకో పిల్లను.”

సత్తయ్య కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. నేను మూడు వేశాను. నా చేత్తో సరిగ్గా పడ్డ మొదటి మార్కు అదే. “మురిసింది చాలు. మిగిలినోళ్లను మల్ల అడుగు” అన్నారామె. పెద్ద డాక్టరుతో కొట్లాడి ప్రశ్నలను మనుషులు మాట్లాడే తెలుగులోకి మార్పించారు. కొత్త మార్కులు చూశాక గది ఇచ్చారు; దానికి కిటికీ లేదు, ఫ్యాను తిరగదు, కానీ తలుపు మూసుకుంటుంది. అందులో మొదట కూర్చున్నది సత్తయ్యే, మనుమరాలిని ఒళ్లో పెట్టుకుని.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఈ పని నేర్పేది నేను. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, అడక్కపోయినా, సుగుణ సిస్టర్ పేరు చెబుతాను. రోగి జవాబు చెప్పాక కలం కింద పెట్టి ఇంకో నిమిషం ఊరుకుంటాను. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకోవడం ఆమె నేర్పిందే. మా అమ్మ ఇరవై ఏళ్లు ప్రయత్నించి వదిలేసిన పని.