గుంట పూడేలోపు

ఈ ఉదయం చలికి వేసుకున్న మేజోళ్ళు తీస్తుంటే చీలమండ పైన రబ్బరు పట్టీ గీత లోతుగా కనిపించింది. పక్కనే బొటనవేలితో నొక్కాను. చర్మం చల్లగా, మెత్తగా దిగిపోయింది. వేలు తీసి లెక్కపెట్టడం మొదలుపెట్టగానే సువార్తమ్మగారు గుర్తొచ్చారు.

పంతొమ్మిదివందల ముప్పైల్లో, ఏలూరులోని ఒక చిన్న మిషను ఆసుపత్రిలో నేను నర్సుపని నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గించి మాట్లాడే మనిషి. నాకు హడల్. నేను చేరిన మొదటి వానాకాలంలో ముదినేపల్లి వైపు నుంచి ఒక రైతును పడవలో తెచ్చారు. వాచిన కాళ్ళకు ఆముదపాకులు కట్టి ఉన్నాయి. నేను అవి తీసేసి, నా తెలివి కొద్దీ గుడ్డకట్టు బిగించబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

“నీరు కాళ్ళలో ఉందమ్మాయ్. జబ్బు అక్కడ లేదు.”

“మరెక్కడుందండీ?”

నా చేతిని ఆ రైతు గుండె మీద పెట్టారు. గుండె ఎడమపక్క నుంచి నెత్తురు ఒళ్ళంతా తిరిగి కుడిపక్కకు చేరుతుందని, ఊపిరితిత్తుల్లో గాలి నింపుకుని మళ్ళీ ఎడమకు వస్తుందని చెప్పారు. అదంతా పుస్తకంలో చదివిందే. అర్థమైంది మాత్రం ఆ తరవాతి మాటతోనే.

“ఉప్పుటేరు సముద్రంలోకి లాగకపోతే కొల్లేరు నీళ్ళు ఎక్కడికి పోతాయి? చేల మీదికేగా. గుండె లాగలేకపోతే ఒంట్లోనూ అంతే.”

అప్పట్నుంచి ఆయాసమని వచ్చిన ప్రతి ఒక్కరి కాలూ నాచేత నొక్కించి, గుంట పూడేలోపు ఎంతవరకు లెక్కపెట్టానో అడిగేవారు.

రెండేళ్ళకు ఆవిడే మెట్ల మధ్యలో ఆగడం మొదలుపెట్టారు. చీర అంచు నేల మీద జీరాడేలా కట్టేవారు. దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవారు. నాకు అనుమానం రాలేదని అబద్ధం చెప్పను. కానీ పని నేర్పినావిడ కాలు నేను నొక్కి చూడటమా? సిగ్గుపడ్డాను. అలా నెలలు గడిచాయి.

ఒక ఆదివారం ప్రార్థన మధ్యలోనే లేచి, వార్డులో ఉన్న నా దగ్గరికి వచ్చి, బల్ల మీద కూర్చుని, చీర అంచు పైకి జరిపి “నొక్కు” అన్నారు. ఇరవై దాకా లెక్కపెట్టినా గుంట అలాగే ఉంది.

“ఎప్పట్నుంచండీ ఇలా?”

“చాన్నాళ్ళైంది. చెబితే పని మాన్పించేస్తారని భయం. నువ్వడిగితే చెబుదామనుకున్నానమ్మా.”

డాక్టరుగారు ఆలస్యమైపోయిందన్నారు. వరికోతలు మొదలవకముందే, తాడేపల్లిగూడెం దగ్గర వాళ్ళ అన్నగారి ఊళ్ళో ఆవిడను సమాధి చేశాం. అడగనందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు. ఆ తరవాత ఎంత పెద్దవాళ్ళ కాలు నొక్కడానికైనా సిగ్గుపడలేదు.

ఇవాళ పద్నాలుగు దాకా లెక్కపెట్టినా నా కాలి మీద గుంట పూడలేదు. ఇంతలో కోడలు కాఫీ తెచ్చింది.

“ఏం చూసుకుంటున్నారండీ?”

ఏం లేదని మేజోడు పైకి లాగబోయాను. చెయ్యి ఆగిపోయింది.

“ఇలా వచ్చి నొక్కమ్మా” అన్నాను.