సున్నం కింద తాళంచెవి

క్రిస్మస్ ముందు మా ఇంట్లో కదలని వస్తువంటూ మిగలదు. మంచాలు వాకిట్లోకి వస్తాయి, అటక మీది గంగాళాలు కొళాయి కిందికి వస్తాయి, బీరువా నడింట్లో అడ్డంగా నిలబడి అందరి మోకాళ్లనూ పలకరిస్తుంది. ఉదయగిరిలో కొండ కింది వీధి మాది. బయటి గోడలకు డబ్బా రంగు కొట్టించినా, లోపలి గోడలకు మాత్రం మా నాయన సున్నమే పూస్తాడు. సున్నం ఇంటికి చల్లన అంటాడు. డిసెంబరు చలిలో ఇంకా చల్లదనం ఎందుకని అడిగితే కుంచె నా చేతికొచ్చే ప్రమాదం ఉంది కాబట్టి నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఏడు ఈ పనికి ఆత్మకూరు నుంచి మా అక్కా బావా కూడా వచ్చారు. అక్క అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. మర్నాడే నెల్లూరులో ఆమెకు ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి పరీక్ష. వయసు లెక్క ప్రకారం ఆమెకిదే ఆఖరి అవకాశం. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అనకుండా ఉండటానికి పడే అవస్థ మాత్రం అందరి మొహాల్లోనూ కనబడేది.

బావకు ఆత్మకూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉంది. మంచివాడు. చేతులు ఊరుకుంటే ఇంకా మంచివాడు. మా అమ్మ ఆయనకు ఫ్యాన్లు తుడిచే పని అప్పగించింది. అల్లుడు కదా, అంతకన్నా బరువైన పని చెప్పలేదు. అదే తప్పయింది. ఫ్యాన్లు తొందరగా అయిపోయాయి. వాకిట్లో మంచం మీద అక్క లాప్‌టాప్ కనబడింది.

మధ్యాహ్నం అన్నాల వేళకు బావ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించాడు.

"ఇల్లంతా కడుగుతా ఉంటే ఇదొక్కటి ఎందుకు మురిగ్గా ఉండాలని, మొత్తం తుడిచేసినాను. ఇప్పుడు చూడు, ఎట్ట పరిగెత్తతా ఉండాదో!"

హాల్ టికెట్ ఇంకా తీసుకోలేదు కాబట్టి అక్క చెయ్యి కడుక్కుని దాని ముందు కూర్చుంది. కాసేపు అటూ ఇటూ నొక్కింది.

"ఏమయ్యా, నా పాస్‌వర్డులేవి?"

"ఏ పాస్‌వర్డులు?"

"అన్నీ ఒక దాంట్లో పెట్టుకోనుంటి గదా. పాస్‌వర్డ్ మేనేజర్!"

బావ కాసేపు ఆలోచించాడు. "పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసినాను," అన్నాడు.

"పెళ్లి ఫొటోలు చూపిస్తే పరీక్ష రాయనిస్తారా బావా?" అన్నాను నేను.

"నువ్వుండరా సామీ!"

నిజానికి పాస్‌వర్డులు పోలేదు. అవి ఎక్కడో దూరదేశపు యంత్రంలో భద్రంగానే ఉన్నాయి. వాటిని తెరవడానికి అక్కకు మాత్రమే తెలిసిన మాట ఒకటుంది, అది ఆమెకు గుర్తే. కానీ కొత్తగా తుడిచిన కంప్యూటరును అది నమ్మదు. దానికి ఇంకో పొడుగాటి రహస్య సంకేతం కూడా చెప్పాలి. పోనీ పరీక్ష వెబ్‌సైటునే కొత్త పాస్‌వర్డు అడుగుదామంటే అది మెయిలుకు పంపుతానంది. మెయిలు పాస్‌వర్డు కూడా ఆ మేనేజరులోనే ఉంది. అక్కది బొత్తాల ఫోను, అందులో మెయిలు రాదు. మెయిలువాళ్లేమో అక్క ఎప్పుడో వదిలేసిన సిమ్ముకు ఓటీపీ పంపుతామని ఉత్సాహపడ్డారు. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తలుపు మూసినట్టుంది మా సంగతి.

"ఆ పొడుగాటిది రాసిపెట్టుకోమని చెప్పినాను గదా అక్కా," అన్నాను. ఎండాకాలం సెలవుల్లో ఇదే ఇంట్లో కూర్చుని ఆమెకు ఆ మేనేజరు పెట్టిచ్చింది నేనే.

"రాసినాను," అంది అక్క. ఆమె మొహం వెలిగింది. "స్విచ్చిబోర్డు పక్కన!"

మా ఇంట్లో కాగితం మీద రాసింది నిలవదు. అది రెండోపూటకు వడల కింద నూనె పీలుస్తూ కనబడుతుంది. అందుకని ముఖ్యమైనవన్నీ స్విచ్చిబోర్డు పక్క గోడ మీద పెన్సిలుతో రాస్తాం. గ్యాస్ అతను, లైన్‌మ్యాన్, పాస్టరుగారు, ట్రాక్టరు అతను, అందరూ అక్కడే. వాళ్ల మధ్య అక్క సంకేతం కూడా ఉంది. వచ్చిపోయే వాళ్లందరూ దాన్ని చూసేవాళ్లు. అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి భద్రతకు ఏ లోటూ రాలేదు.

లాప్‌టాప్‌తో సహా అందరం లోపలికి పరిగెత్తాం.

గోడ ఆరి మల్లెపువ్వులా ఉంది. పక్కన మా నాయన, భుజం దాకా సున్నం చుక్కలతో, కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎట్టుండాది?" అన్నాడు సంబరంగా.

ఒకే పూటలో మామ ఇంటినీ అల్లుడు కంప్యూటరునూ శుభ్రం చేసేశారు. అంత కలిసికట్టుగా వాళ్లిద్దరూ ఏ పనీ చేయగా నేను చూడలేదు.

సంగతి తెలిసి నాయన కుంచె దించాడు. బావ జేబులోంచి ఫోన్లు విప్పే పలకలాంటిది తీసి గోడను గీకబోయాడు.

"అబ్బయా, గీకితే సున్నంతో పాటు పెన్సిలు గూడా వచ్చేస్తాది. నువ్వింక దేన్నీ తుడవబాక," అన్నాడు నాయన.

"ప్రార్థన చేసుకుందాం రండి," అంది అమ్మ.

"దేవుడు గూడా ఓటీపీ అడుగుతాడేమోమా," అన్నాను. నెత్తిన మొట్టికాయ పడింది. సున్నం చెయ్యి.

అక్క మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. పరుపుల చుట్ట మీద కూర్చుని లాప్‌టాప్ మూసింది. "పోనీలే. ప్రైవేటు బడి ఉండనే ఉండాది గదా," అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు నాక్కూడా ఏ జోకూ తోచలేదు.

మా నాయన కూతురి మొహం చూడలేకపోయాడు. బాధ కలిగితే ఆయన పనిలో పడతాడు. రెండో పూత వేయాలంటే ముందు గోడను తడపాలి. చెంబుతో నీళ్లు తీసుకుని, మా వైపు వీపు పెట్టి, గోడ మీద చల్లాడు.

తెల్లటి గోడ తడిసినచోట బూడిదరంగుకు తిరిగింది. అందులోంచి మెల్లగా ఒక నంబరు తేలింది.

"గ్యాసాయన!" అని అమ్మ కేక పెట్టింది.

పలచటి సున్నం తడిస్తే లోపలిది కనబడుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. నీళ్లు చల్లిన మనిషికి కూడా తట్టలేదు. ఆయన చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

"ఇంకా చల్లు నాయనా! కిందికి, కిందికి!" అని అక్క లేచింది.

లైన్‌మ్యాన్ లేచాడు. ట్రాక్టరు అతను లేచాడు. వెనకాల పాస్టరుగారు కూడా లేచారు. అవసరం లేనివాళ్లందరికీ పునరుత్థానం అయ్యాక అక్క గుండ్రటి టీచరు రాతలో ఆ పొడుగాటి సంకేతం బయటపడింది. ఒక చివర చదువుతుంటే ఇంకో చివర ఆరిపోయి తెల్లబడుతోంది. నాయన చల్లడం, అక్క చదవడం, బావ కొట్టడం. నా పని దీపం పట్టుకోవడం. పట్టపగలు దీపం ఎందుకని నన్నెవరూ అడగలేదు.

మొదటిసారి తప్పన్నది.

"నువ్వు సరిగ్గా కొట్టలేదు," అంది అక్క.

"నువ్వు సరిగ్గా చదవలేదు," అన్నాడు బావ.

"గోడ నేను సరిగ్గానే తడిపినాను," అన్నాడు నాయన, ముందు జాగ్రత్తగా.

రెండోసారి బావ ఒక్కొక్క అక్షరాన్నీ పైకి చదువుతూ, ఫోనులో నట్టు బిగించినంత నిదానంగా కొట్టాడు. తెర కాసేపు గిర్రున తిరిగింది. పాస్‌వర్డులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

అమ్మ స్తోత్రం అంది. బావ మెడ మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, కళ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు. చూడనట్టు నేను దీపం ఆర్పేశాను.

బస్టాండు దగ్గర జెరాక్సు అంగట్లో హాల్ టికెట్ అచ్చు వేయించి తెచ్చాం. అక్క దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. ఆనందపడుతుందని అందరం చుట్టూ నిలబడ్డాం. ఆమె మొహం పాలిపోయింది.

"సైకాలజీ మళ్లీ చూడనే లేదు!" అంది.

అప్పటిదాకా టికెట్టు లేదన్న భయం ఉంది కాబట్టి పరీక్ష భయానికి చోటు దొరకలేదు. ఇప్పుడు అది వచ్చి హాయిగా కూర్చుంది. అక్క కూడా పుస్తకం తీసుకుని వాకిట్లో గంగాళాల మధ్య మంచం మీద కూర్చుంది. పొద్దువాలేదాకా ఆమె పక్కన ఎవరమూ గిన్నె చప్పుడు కూడా చేయలేదు. మా ఇంటి చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

మర్నాడు బావ ఆమెను నెల్లూరు తీసుకెళ్లి సాయంత్రం తీసుకొచ్చాడు. అక్క అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పింది.

"ఎట్ట రాసినావు పాపా?" అంది అమ్మ.

"నేను చదివినవన్నీ వచ్చినాయిమా."

అమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. ఆమె స్తోత్రం పూర్తయ్యేదాకా అక్క మర్యాదగా ఆగింది.

"చదవనివి గూడా వచ్చినాయి," అని నవ్వింది. నీళ్లు తెమ్మని బావ వైపు చెంబు చాపింది.