మేకు మీది బిళ్ల

మా బాబాయ్ పోయిన కబురు వచ్చినప్పుడు నేను కొవ్వూరులో ఒక ప్రార్థన కూటంలో మైకు ముందున్నాను. జేబులో ఫోను మూడుసార్లు వణికింది. చూడలేదు. వినండి, వినండి అని గొంతు చించుకుంటున్న నేనే వినలేదు. ప్రసంగం ముగించి చూస్తే పిన్ని వాయిస్ మెసేజ్: "అబ్బాయ్, మీ బాబాయ్ వెళ్లిపోయార్రా. పొద్దున్నే పడవ కడిగొచ్చి అరుగు మీద కూర్చున్నారు. అంతే." అప్పట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆయన నాకు చుట్టం కారు, పక్కింటి మనిషి. మడ అడవి అంచున ఉన్న మా ఊళ్లో చేపల వేట సన్నగిల్లాక, పడవలున్న ఇళ్లన్నీ కూడగట్టి, చూడవచ్చినవాళ్లని కాలవల్లో తిప్పే సంఘం పెట్టారు. రేవులో ఒక కొయ్య పాతి మేకు కొట్టారు. పడవకొక తాటిచెక్క బిళ్ల. మేకుకు ఎవరి బిళ్ల ఉంటే వంతు వాళ్లది. ఆ పడవ వెళ్లి తిరిగొచ్చాకే బిళ్ల మారాలి. "బాగున్న పడవే ఎక్కుతామంటే మిగతా ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలుగుద్దండీ?" అని వచ్చినవాళ్లనే నవ్వుతూ అడిగేవారు.

మొదటి మలుపులో ఇంజను ఆపేసి గెడ అందుకునేవారు. అక్కణ్ణుంచి ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి నేనూ ఎక్కి, సృష్టి ఆరు రోజుల సంగతి మొదలుపెట్టాను. నా గొంతుకి కొంగలన్నీ లేచిపోయాయి. "ఒరేయ్ బోధకుడా," అన్నారు బాబాయ్, "ఇవన్నీ చేసినాయన్ని కూడా కాస్త మాట్లాడనీరా!" పడవంతా నవ్వింది. బడి దాటని నాకు వాక్యం నేర్పిన గురువులు లేరు. మౌనం నేర్పబోయిన గురువు మాత్రం ఆయనే. నేర్చుకున్నానా అంటే, ఏం చెప్పను?

కరోనా వచ్చింది. నోవహు ఓడ తలుపు దేవుడే మూశాడు, మన ఊరి తలుపు మనం మూద్దామని నేను ప్రసంగించాను. ఊరి దారికి ముళ్లకంప అడ్డం పడింది. కంప మోసినవాళ్లలో బాబాయ్ కూడా ఉన్నారు. ప్రాణభయం అందరిదీ. కానీ జబ్బు తగ్గాక కూడా నా నోరు తగ్గలేదు. రాజమండ్రి నుంచి పిల్లల్ని తీసుకుని కారులో వచ్చిన కుటుంబాన్ని కంప దగ్గరే వెనక్కి పంపించేశాం. ఆ సాయంత్రం బాబాయ్ మా గుమ్మంలోకి వచ్చారు.

"తలుపు మూసిన సంగతి చెప్పావు, బానే ఉంది. వాన వెలిసింది కదరా. తెరిచిన సంగతి నీ పుస్తకంలో లేదా?"

ఆ సంగతి నాకు కంఠతా వచ్చు. మర్నాడు ఇద్దరం కంప తీశాం. చేతులు గీరుకుపోతే, "ప్రసంగానికి కానుక!" అని నవ్వారు.

దారి తెరిచాం గానీ పాతరోజులు రాలేదు. వచ్చినవాళ్లకి వండిపెట్టే ఆడవాళ్లలో సగంమంది అప్పటికే రొయ్యల షెడ్డు పనికి కుదిరిపోయారు. రేవు బల్లలు చివికిపోయాయి. వచ్చేవాళ్లు ఫోన్లో ఫొటో చూపించి, పాటల పెట్టె ఉన్న నీలం పడవే కావాలనేవారు. ఆ పడవతను వంతు లేకుండానే బయల్దేరేవాడు. బాబాయ్ పాత పడవ ఎవరూ ఎక్కక, ఆయన బిళ్ల రోజుల తరబడి మేకు మీదే ఉండిపోయింది.

"బిళ్ల మార్చెయ్ బాబాయ్, జనం నీ పడవ ఎక్కరు," అన్నాడు నీలం పడవతను.

"మారుస్తా. రేపు నీ పడవ పాతబడదేంట్రా?"

సామర్లకోటలో రైలు దిగి ఒక జంట వస్తోందని తెలిసి, ఆయన పడవ కడిగింది ఆ పొద్దున్నే. బిళ్ల మేకు మీదుండగానే పోయారు.

కర్మకాండ అయ్యాక పడవల సంఘం రేవులో కూర్చుంది. "వంతూ గింతూ ఇంకెందుకండీ, ఎవరికి ఫోనొస్తే వాళ్లు వెళ్దాం," అన్నారు కొందరు. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రవక్తలందర్నీ వెంటేసుకుని లేవబోయాను. అంతలో పిన్ని వచ్చి మేకు వంక చూసింది.

"మీరేమైనా చేసుకోండి బాబూ. ఇది మాత్రం ఆయన పడవ తిరిగొచ్చాక కదా మారాల్సింది?"

ఆయన పోయారని తెలిసి ఆ రోజు ఆగిపోయిన జంట ఇప్పుడు వచ్చి గట్టు మీద నిలబడి ఉంది. పిన్ని నా వైపు తిరిగి, "అబ్బాయ్, గెడ పట్టు," అంది.

పట్టాను. మొదటి మలుపులో ఇంజను ఆపాను. నాలుక చివరికి ఎన్నో మాటలు వచ్చాయి, మింగేశాను. కొంగలు లేవలేదు.

ఆదివారం సంఘం మళ్లీ కూర్చుంటుంది. వంతు ఉంటుందో పోతుందో నాకు తెలియదు, నిద్ర పట్టడం లేదు. ఆ రోజు జంటని తిప్పి తిరిగొచ్చి రేవులో దిగేసరికి, నీలం పడవతను తన బిళ్ల చేత్తో పట్టుకుని కొయ్య పక్కన నిలబడి ఉన్నాడు. బాబాయ్ బిళ్ల నేను తియ్యాలని అతను, అతను తియ్యాలని నేను చూస్తూ నిలబడ్డాం. సముద్రపు గాలికి అది మేకు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.