మొరలో మొదటి సగం

పోర్ట్‌లీష్‌లో పొద్దున ఏడింటి రైలెక్కేటప్పటికి వాన పడుతోంది. స్లైగోలో మా చెల్లెలు సుగుణ ఆదరణ కూడిక రెండింటికి. ఆమె పోయి నెల కావస్తోంది. మంచాన ఉన్నన్నాళ్ళూ ఫోన్లో నాచేత ఒక పాత యూదుల మొరపాట చదివించుకునేది. కూడికలోనూ నన్నే చదవమంది, మొత్తం.

స్లైగోకు నేరుగా రైలు లేదు. డబ్లిన్‌లో హ్యూస్టన్ దగ్గర దిగి, లూవాస్ ట్రామెక్కి కానొలీ స్టేషన్‌కు వెళ్ళాలి. తొమ్మిది దాటాక అక్కడ రైలు. టికెట్ ముందే కొనుక్కుంటే చవక. చాలాదూరం కిటికీ పక్కనే కాలువ.

ఎదుటి సీటులోని ఐరిష్ ముసలావిడ నా చేతిలో పుస్తకం చూసి, "ప్రార్థనలా?" అని అడిగింది.

"ఫిర్యాదులు."

"గ్రాండ్," అంది, ఇక్కడివాళ్ళ మాటలో పరవాలేదని. "ఆయనకు అవీ అలవాటేలే."

ఆ పుస్తకం ప్రాచీన యూదు రచయితలు తమకంటే పాత పవిత్ర గీతాలను ఎలా వాడుకున్నారో చెబుతుంది. ఒక్క పాదం ఎత్తుకుంటే చాలు, పాట నోటికొచ్చినవాళ్ళకు మిగతాది గుర్తొచ్చేది. మనిషిని దేవుడు ఇంతగా పట్టించుకుంటాడా అని ఒక పాట సంతోషంతో ఆశ్చర్యపోయింది. తరవాతి కవి ఆ మాటనే బూడిదలో కూర్చున్న రోగి నోట పెట్టాడు: పట్టించుకున్నది చాలు, నన్నొదిలెయ్ అని. స్తుతిని ఫిర్యాదుగా తిప్పడానికి వాళ్ళు జంకలేదు.

పన్నెండు దాటాక స్లైగోలో దిగి హాలుకు నడిచాను. ఫ్లెక్సీ మీద సుగుణ ఫొటో. కింద ఆమె అడిగిన పాటలోని చివరి పాదం, స్తుతి ఒక్కటే. సంఘపెద్ద జాకబ్ అంకుల్ బిర్యానీ గిన్నెలు దింపిస్తున్నారు.

"వందనాలు బ్రదర్. చివరి నాలుగు వచనాలు చదవండి, చాలు. ముందంతా ఏడుపే కదా! కొత్తవాళ్ళొస్తారు, మన విశ్వాసం ఇంతేనా అనుకుంటారు, సాక్ష్యం పాడైపోద్ది."

"సుగుణ అంతా చదవమంది అంకుల్."

"బాధలో ఏదో అనుంటదిలెండి."

బాధలో అన్నది కాబట్టే చదవాలి. అది ఆయనకు చెప్పలేదు. చెబితే అరిచేవాణ్ణి.

మొదటినుంచే చదివాను. దేవుడు ముఖం చాటేశాడని నిలదీసే చోటికి రాగానే అంకుల్ మైకు లాక్కున్నారు. "స్తోత్రం! ఇప్పుడు పాట పాడుకుందాం."

ముందు వరసలో సుగుణ కూతురు కెజియా లేచింది. "హీ ఈజ్ నాట్ డన్, అంకుల్. మమ్మీ ఆస్క్‌డ్ ఫర్ ఆల్ ఆఫ్ ఇట్."

ఆమె తండ్రి లేచివెళ్ళి మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చదువు బావా."

అంతా చదివాను, చివరి స్తుతితో సహా. అదీ సుగుణదే. డ్యూటీ నుంచి యూనిఫాంలోనే వచ్చిన నర్సులు ఏడ్చారు. అంకుల్ ఆమేన్ అనలేదు.

బయలుదేరేముందు కెజియా మార్కర్ తెచ్చి ఫొటో పైన పాట మొదటి పాదం, ఆ ఫిర్యాదు, ఇంగ్లీషులో రాసింది. తనకు తెలుగు రాయడం రాదు.

"అయ్యో, ఫ్లెక్సీ పాడుచేశావు తల్లీ!" అన్నారు అంకుల్.

"ఇట్స్ గ్రాండ్, అంకుల్. వీ ఆర్ కీపింగ్ ఇట్."

తిరుగు రైల్లో జనం పలచగా ఉన్నారు. లాంగ్‌ఫర్డ్ దాటినా నా కోపం దిగలేదు, దిగాలనీ లేదు. ఇకమీదట ఆ ఫ్లెక్సీ పెట్టుకునే సుగుణ ఇంటికి వెళ్ళినవాళ్ళు ఫొటో కిందది చదివేముందు పైనున్నది చదువుతారు. మిగతా పాట తెలియనివాళ్ళు అడుగుతారు. కెజియా చెబుతుంది.